బంతి లేని బేస్‌బాల్

అమెరికాలో బేస్‌బాల్ ఏడాదిలో ఏడు నెలలు మైదానంలోనూ, మిగిలిన అయిదు నెలలు అభిమానుల నోళ్లలోనూ సాగుతుంది. మొదటిదానికి అంపైర్లు, స్కోరుబోర్డు, నియమావళి ఉన్నాయి. రెండోదానికి అవేవీ లేవు కనుక అది మొదటిదాని కంటే హోరాహోరీగా జరగడంలో వింత లేదు. మార్చి నెలాఖరులో మొదలయ్యే మేజర్ లీగ్ సీజన్‌లో 30 జట్లు ఒక్కొక్కటి 162 ఆటల చొప్పున ఆడి, అక్టోబరులో నాకౌట్ పోటీలు ముగించుకుని, ఆ నెలాఖరుకో నవంబరు తొలి రోజులకో ‘వరల్డ్ సిరీస్’ విజేతను తేలుస్తాయి. ఆ మర్నాటి నుంచి మళ్లీ సీజన్ మొదలయ్యేదాకా ఉండే విరామానికి ‘ఆఫ్‌సీజన్’ అని పేరు. జట్లు తమ ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడం ‘ట్రేడ్’, ఒప్పందం ముగిసి బయటికొచ్చిన ఆటగాణ్ణి సొమ్ము పోసి చేర్చుకోవడం ‘సైనింగ్’. ఈ రెంటినీ ఏ క్షణంలోనైనా తలకిందులు చేయగల మూడో శక్తి గాయం. పూర్వం చలికాలంలో ఊరి దుకాణంలో పొయ్యి చుట్టూ చేరి అభిమానులు ఈ మూడింటి గురించే వాదించుకునేవారు గనుక ఈ కాలక్షేపాన్ని ‘హాట్ స్టవ్ లీగ్’ అంటారు. పొయ్యి పోయి ఫోను వచ్చింది గాని, వేడి మాత్రం తగ్గలేదు.

ఆట లేని రోజుల్లో అభిమానికి పని ఉండదని, అతడు గోళ్లు గిల్లుకుంటూ వసంతం కోసం ఎదురుచూస్తాడని ఒక పూర్వపక్షం ఉంది. పరిశీలిస్తే ఇది నిలవదు. సీజన్ నడుస్తున్నంత కాలం అభిమాని పరాధీనుడు. తన జట్టు నిన్న రాత్రి 11–2 తేడాతో ఓడిపోయిందంటే, ఎంతటి వాగ్ధాటి ఉన్నా ఆ అంకెలను మార్చలేడు. నవంబరుతో ఆ పీడ విరగడవుతుంది. ముప్పై జట్ల ఖాతాల్లోనూ ఓటములు సున్నా అవుతాయి. ప్రతి కుర్రాడూ వచ్చే ఏడు రాణించి తీరతాడు. ప్రతి ముదురు ఆటగాడికీ పాత సత్తువ తిరిగొస్తుంది. తాను ప్రతిపాదించిన ట్రేడ్‌ను యాజమాన్యం ఎలాగూ చేయదు గనుక, అది తెలివితక్కువదని రుజువు చేసే అవకాశం లోకంలో ఎవరికీ దక్కదు. వాస్తవాలు సెలవుపై వెళ్లిన ఈ అయిదు నెలల్లోనే అభిమాని స్వతంత్రుడు, సర్వజ్ఞుడు, అజేయుడు. ఆఫ్‌సీజన్ చర్చ వర్ధిల్లడానికి అసలు కారణం ఇదేనన్నది ఇక్కడి సిద్ధాంతం. మిగిలినదంతా దానికి భాష్యం.

అభిమానికి ఈ వైభవం ఊరికే రాలేదు. ఆటగాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి దాన్ని సంపాదించిపెట్టారు. 1970ల నడిమి వరకు ‘రిజర్వ్ క్లాజ్’ అనే షరతు ఒకటి ఉండేది. దాని ప్రకారం ఒకసారి ఒక జట్టుతో సంతకం చేసిన ఆటగాడు, ఆ జట్టు అమ్మితేనో వదిలేస్తేనో తప్ప, ఆడినంత కాలమూ దానికే కట్టుబడి ఉండాలి. 1969 అక్టోబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు తనను ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేసినప్పుడు, సెంటర్ ఫీల్డర్ కర్ట్ ఫ్లడ్ తాను కొని అమ్మే సరుకును కానని లీగ్ కమిషనర్‌కు లేఖ రాసి, కోర్టుకెక్కి, 1972లో సుప్రీంకోర్టులో 5–3 తేడాతో ఓడిపోయాడు. ఆయన ఓడినా ఆ ప్రశ్న ఓడలేదు. 1975 డిసెంబరు 23న పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల వివాదంలో ఇచ్చిన తీర్పుతో ఆ కట్టు తెగింది. ఇప్పుడు మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తిచేసి, ఒప్పందం గడువు తీరినవాడు ‘ఫ్రీ ఏజెంట్’, అనగా నచ్చిన జట్టుతో బేరమాడుకోగల స్వేచ్ఛాజీవి. ఈ పోరాటంలో ఫ్లడ్‌కు దక్కినది గౌరవం, తర్వాతి తరాలకు దక్కినవి కోట్లు, పైసా ఖర్చు పెట్టని అభిమానికి దక్కినది శీతాకాలమంతటికీ సరిపడే సంభాషణ.

ఐపీఎల్ వేలంపాట చూసిన తెలుగు పాఠకుడు ఇదీ అటువంటిదే అనుకుంటే పొరబడినట్టే. అక్కడ ఆటగాడి పేరు చదువుతారు, ఫ్రాంచైజీలు చేతులెత్తి పాట పెంచుతాయి, సుత్తి పడుతుంది, కథ ముగుస్తుంది. 2023 డిసెంబరు 19న సన్‌రైజర్స్ హైదరాబాద్ పాట్ కమిన్స్‌ను 20.50 కోట్ల రూపాయలకు దక్కించుకున్న వైనం టీవీ ముందు కూర్చున్నవారికి నిమిషాల్లో తెలిసిపోయింది. బేస్‌బాల్‌లో వేలమూ లేదు, సుత్తీ లేదు, ఫలానా తేదీలోగా తేల్చాలన్న నియమమూ లేదు. ఆటగాడి తరఫున బేరమాడి కమిషన్ పుచ్చుకునే ఏజెంట్లు, మూసిన తలుపుల వెనక ఒక జట్టును మరో జట్టు మీదికి ఎగదోస్తూ, వ్యవహారాన్ని వారాల తరబడి నానబెడతారు. ఈ విద్యలో ఆరితేరిన స్కాట్ బోరస్ ఖాతాదారుడైన హువాన్ సోటో 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం విలువ 76.5 కోట్ల డాలర్లు, అంటే అప్పటి మారకపు విలువలో 6,400 కోట్ల రూపాయల పైమాటే. తలుపు మూసి ఉన్నంతసేపు లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగేవారికి గిరాకీ ఉంటుంది గనుక, ఆఫ్‌సీజన్ చర్చాశాస్త్రంలో మొదటి శాఖ పుకారు.

పుకారు శాఖ చరిత్రలో 2023 డిసెంబరు 8కి ఒక ప్రత్యేక స్థానం ఉంది. బంతి విసరడంలోనూ బ్యాటు ఝళిపించడంలోనూ సమానంగా దిట్ట అయిన జపాన్ ఆటగాడు షోహెయ్ ఒతాని ఆ వారం ఫ్రీ ఏజెంటుగా ఉన్నాడు. ఆయన కోసం పోటీపడుతున్న జట్లలో టొరంటో బ్లూ జేస్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ముందున్నాయి. ఆ ఉదయం దక్షిణ కాలిఫోర్నియా నుంచి ఒక ప్రైవేటు విమానం టొరంటోకు బయలుదేరిందని, విమానాల రాకపోకలు చూపించే యాప్‌లో కొందరు కనిపెట్టారు. ఒతాని టొరంటో దారిలో ఉన్నాడని వార్త కూడా రావడంతో, వేలాది మంది పనులు మానుకుని, పటం మీద ఒక బుల్లి విమానం బొమ్మ రాష్ట్రాలు దాటుకుంటూ ఈశాన్య దిశగా పాకడాన్ని రెప్ప వేయకుండా చూశారు. విమానం దిగింది, తలుపు తెరుచుకుంది, అందులోంచి ‘షార్క్ ట్యాంక్’ టీవీ కార్యక్రమంలో కనిపించే రాబర్ట్ హెర్జావెక్ అనే కెనడా వ్యాపారవేత్త తన పిల్లలతో కలిసి బయటికొచ్చాడు. ఒతాని అసలు కాలిఫోర్నియా దాటనే లేదు. మర్నాడు ఆయన డాడ్జర్స్‌తో 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని ప్రకటించాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటే చక్కని అంతర్జాతీయ ఉదాహరణ దొరకడం కష్టం.

రెండో శాఖ అర్థశాస్త్రం. ఒతాని ఒప్పందంలో 68 కోట్ల డాలర్లను వాయిదా వేసి, 2034 నుంచి 2043 మధ్య చెల్లించాలని రాసుకున్నారు; ఆడినంత కాలం ఆయన ఆ జట్టు నుంచి పుచ్చుకునేది ఏడాదికి 20 లక్షల డాలర్లే. జీతాల మొత్తం ఒక పరిమితి దాటిన జట్టు మీద లీగ్ వేసే జరిమానాకు ‘లగ్జరీ టాక్స్’ అని పేరు. సొంత కారు ఇన్సూరెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో చెప్పలేని అభిమాని సైతం, తన జట్టు ఆ పరిమితికి ఎన్ని డాలర్ల దూరంలో ఉందో తడుముకోకుండా చెబుతాడు. ఇందులో రెండు మతాలున్నాయి: యజమాని సొమ్మే గనుక దోసిళ్లతో పోయమనే ఉదార మతం ఒకటి, అదే సొమ్మును తన పిల్లల చదువుకు దాచినట్టు కాపాడే లోభ మతం మరొకటి. ఒకే అభిమాని ఉదయం సైనింగ్ జరగనప్పుడు మొదటి మతంలోనూ, సాయంత్రం జరిగాక రెండో మతంలోనూ ఉండటం సర్వసాధారణం. లోభ మతస్థులు తరచూ చూపే ప్రమాణం బాబీ బొనీయా. 2000లో మెట్స్ ఆయనకివ్వాల్సిన 59 లక్షల డాలర్లను అప్పుడే ఇచ్చి వదిలించుకోకుండా, 8 శాతం వడ్డీతో వాయిదా వేసి, 2011 నుంచి 2035 వరకు ప్రతి జూలై 1న 11,93,248 డాలర్ల చొప్పున ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. ఆయన చివరి ఆట ఆడింది 2001లో. అప్పు చేసి పప్పుకూడు తినడంలోని నీతిని బోధించడానికి అమెరికన్లు ఏటా ఆ తేదీన ఆయన పేరు తలుచుకుంటారు.

మూడో శాఖ వైద్యం; అభిమానుల్లో పట్టా లేని పండితులు ఎక్కువగా ఉన్నది ఇందులోనే. ఒప్పందం కుదిరాక కూడా ఆటగాడు వైద్య పరీక్షలో నెగ్గితేనే అది ఖాయమవుతుంది. 2022 డిసెంబరులో షార్ట్‌స్టాప్ కార్లోస్ కొరెయాకు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 13 ఏళ్లకు 35 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. తీరా పత్రికా సమావేశం పెట్టిన రోజున, 2014లో చిన్న లీగుల్లో ఆడుతుండగా దెబ్బతిని శస్త్రచికిత్స జరిగిన కుడి కాలి దగ్గర వారి వైద్యులు ఆగిపోవడంతో, సమావేశం వాయిదా పడింది. తెల్లవారేలోగా మెట్స్ 12 ఏళ్లకు 31.5 కోట్లతో ముందుకొచ్చారు; వారి వైద్యులూ అదే కాలి దగ్గర ఆగిపోయారు. చివరికి 2023 జనవరిలో మినెసోటా ట్విన్స్ ఆరేళ్లకు 20 కోట్లతో ఆయన్ను చేర్చుకున్నారు. తాంబూలాలు పుచ్చుకున్నాక జాతకంలో దోషం కనిపెట్టి వెనక్కి తగ్గే వియ్యాలవారిని ఎరిగిన తెలుగువారికి ఈ ఘట్టం వివరించాల్సిన పని లేదు. ఆ నాలుగు వారాల పాటు శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ న్యూయార్క్‌లోనూ ఒక మనిషి చీలమండ గురించి సాగినంత చర్చ, నగరపాలన గురించి సాగి ఉండదు. 2025 జూలైలో కొరెయా ట్రేడ్ ద్వారా తన తొలి జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కే తిరిగి చేరాడు.

కాలి కంటే మోచేయి ముఖ్యం. పిచర్ బంతిని గంటకు 150 కిలోమీటర్లకు పైబడిన వేగంతో విసిరేటప్పుడు, మోచేతి లోపలి వైపు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ మీద విపరీతమైన లాగుడు పడుతుంది. ఏళ్ల తరబడి లాగితే అది తెగుతుంది. 1974 సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ ముంజేతి నుంచి ఒక టెండన్ తీసి, మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, వాటి గుండా దాన్ని పోనిచ్చి, తెగిన లిగమెంట్ స్థానంలో అమర్చారు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక పాలేనని అప్పటి అంచనా. జాన్ 1976లో తిరిగొచ్చి, 46వ ఏట దాకా ఆడి, తన 288 విజయాల్లో 164 విజయాలను ఆ కొత్త మోచేతితోనే సాధించాడు. వైద్యుడి పేరుతో కాక రోగి పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ చికిత్స నేడు ఎంత మామూలైపోయిందంటే, ఫలానా పిచర్‌కు మోచేతిలో కాస్త అసౌకర్యంగా ఉందని ఒక్క వాక్యం చదవగానే అభిమాని ఎమ్మారై అవసరం లేకుండానే రోగం తేల్చి, కోలుకోవడానికి పట్టే 12 నుంచి 18 నెలలు వేళ్ల మీద లెక్కపెట్టి, సంతాపం ముగించి, బదులుగా ఎవరిని ట్రేడ్‌లో తేవాలో మూడు పేర్లతో జాబితా సిద్ధం చేసేస్తాడు.

మైదానంలో దెబ్బ తగిలితే అది విధి. మైదానం బయట తగిలితే అది ఆఫ్‌సీజన్. 2003 అక్టోబరులో బోస్టన్‌పై నాకౌట్ సిరీస్ ఏడో ఆటలో హోమ్ రన్ కొట్టి న్యూయార్క్ యాంకీస్‌ను గెలిపించిన ఆరన్ బూన్, మూడు నెలలు తిరక్కముందే, ఒప్పందంలో నిషేధించిన బాస్కెట్‌బాల్ సరదాగా ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. ఖాళీ అయిన మూడో బేస్ కోసం యాంకీస్ 2004 ఫిబ్రవరిలో టెక్సస్ రేంజర్స్ నుంచి అలెక్స్ రోడ్రిగెజ్‌ను ట్రేడ్ చేసుకున్నారు; రెండు నెలల ముందు ఆయన్ను దక్కించుకోబోయి, ఆటగాళ్ల సంఘం అడ్డుపడటంతో భంగపడ్డ జట్టు అదే బోస్టన్. బోస్టన్ అభిమానులు ఆ చలికాలమంతా లోకం తమపై పగబట్టిందని నమ్మారు. అదే ఏడు అక్టోబరులో వారి జట్టు, రోడ్రిగెజ్ ఉన్న యాంకీస్‌పై 0–3తో వెనకబడి కూడా వరసగా నాలుగు ఆటలు గెలిచి, 1918 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్ అందుకుంది. ఇక బాస్కెట్‌బాల్ ఆడి ఉద్యోగం పోగొట్టుకున్న బూన్‌ను అదే యాంకీస్ 2017 డిసెంబరులో మేనేజరుగా నియమించుకున్నారు. శాన్ డీయేగో తార ఫెర్నాండో టాటిస్ జూనియర్ ఉదంతం మరీ విడ్డూరం: 2021–22 చలికాలంలో యజమానులు ప్రకటించిన లాకౌట్ 99 రోజులు సాగి, జట్లు ఆటగాళ్లతో మాట్లాడటానికే వీల్లేకపోవడంతో, 34 కోట్ల డాలర్ల ఒప్పందమున్న ఆయన మణికట్టు విరిగిందని, అది మోటారుసైకిల్ మీద నుంచి పడినప్పటిదై ఉండవచ్చని జట్టుకు మార్చిలో గాని తెలియలేదు. 2023 మార్చిలో మెట్స్ పిచర్ ఎడ్విన్ డియాజ్ ప్వెర్టోరికో తరఫున ఆడి, గెలిచి, ఆ గెలుపు సంబరంలో గెంతుతూ మోకాలి టెండన్ తెంచుకుని ఆ సీజనంతా కోల్పోయాడు. బాధపడాల్సిన చోట నవ్వు, నవ్వాల్సిన చోట బాధ కలగడం ఈ శాఖలో నిత్యకృత్యం.

నాలుగో శాఖ చరిత్ర. కొత్త ట్రేడ్ వార్త రాగానే చరిత్రకారుడైన అభిమాని పాత గాయాల చిట్టా విప్పుతాడు. బోస్టన్ యజమాని 1919 డిసెంబరులో బేబ్ రూత్‌ను యాంకీస్‌కు అమ్మాడు. సిన్సినాటి 1965 డిసెంబరులో, ముప్ఫయ్యేళ్లకే పాతబడ్డాడని ఫ్రాంక్ రాబిన్సన్‌ను బాల్టిమోర్‌కు పంపితే, ఆయన మరుసటి ఏడే బ్యాటింగ్‌లో ప్రధానమైన మూడు కిరీటాలూ గెలిచి, వరల్డ్ సిరీస్ కూడా తెచ్చిపెట్టాడు. మెట్స్ 1971 డిసెంబరులో నోలన్ రయన్‌తో పాటు మరో ముగ్గురిని ఇచ్చి జిమ్ ఫ్రెగోసీని తెచ్చుకుంటే, ఫ్రెగోసీ తొలి శిబిరంలోనే బొటనవేలు విరగ్గొట్టుకున్నాడు. రయన్ తన కెరీర్ ముగిసేసరికి ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలు ఏడు, స్ట్రైకవుట్లు 5,714 పోగేశాడు. వినోద విభాగంలో అగ్రతాంబూలం హ్యారీ చిటీది. ట్రేడ్‌లో ఒక జట్టు తన వంతు ఆటగాణ్ణి వెంటనే చెప్పకుండా, ‘తర్వాత పేరు చెప్పే ఆటగాడు’ అని రాసి వాయిదా వేయవచ్చు. 1962 ఏప్రిల్‌లో మెట్స్ క్లీవ్‌లాండ్ నుంచి క్యాచర్ చిటీని ఈ పద్ధతిలో తెచ్చుకుని, 15 ఆటలు ఆడించి, జూన్‌లో పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన పేరే చెప్పి వెనక్కి పంపారు. అలా చిటీ తనకు తానే బదులుగా ట్రేడ్ అయ్యాడు. ఆ ఏడు మెట్స్ 120 ఆటలు ఓడారు గనుక ఈ లావాదేవీలో వారికి నష్టం కలిగిందని చెప్పడానికి వీల్లేదు. 1948లో బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు వ్యాఖ్యాత కొరత వస్తే, అట్లాంటా జట్టు తన రేడియో వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్‌ను ఇచ్చి క్లిఫ్ డాపర్ అనే క్యాచర్‌ను పుచ్చుకుంది. మాటకు ఆటతో సమానమైన మారకపు విలువ ఉందని బేస్‌బాల్ అధికారికంగా ఒప్పుకున్న సందర్భం ఇది.

అయిదో శాఖ గణితం. ఒక ఆటగాడి స్థానంలో చౌకగా దొరికే ఓ మోస్తరు ఆటగాణ్ణి దింపితే జట్టు ఎన్ని ఆటలు తక్కువ గెలిచేదో అంచనా కట్టే కొలమానానికి ‘వార్’ అని పేరు. దీన్ని లెక్కించే ప్రసిద్ధ పద్ధతులు ఒకటికి మించి ఉండటం, వాటి ఫలితాలు తరచూ కలవకపోవడం వల్ల, వాదంలో ఇరుపక్షాలకూ శాస్త్రీయ ఆధారం దొరుకుతుంది. ఈ విద్యకు ఆద్యుడని చెప్పదగిన బిల్ జేమ్స్, కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో చిక్కుడు గింజలు డబ్బాలకెత్తే కర్మాగారంలో రాత్రి కాపలా కాస్తూ, నిద్ర రాకుండా లెక్కలు వేసుకుని, 1977లో తన తొలి వార్షిక సంకలనాన్ని సొంతంగా అచ్చువేసుకున్నాడు. పాతికేళ్ల తర్వాత బోస్టన్ జట్టు ఆయన్ను సలహాదారుగా నియమించుకుంది. రెండేళ్లు తిరగకుండా ఆ జట్టు కప్పు గెలిచింది. ఈ విజయం వల్ల ఆటకు జరిగిన మేలు గొప్పదే గాని, కలిగిన కీడు కూడా చిన్నది కాదు. ఏదో ఒక రోజు తమకూ అటువంటి ఫోను వస్తుందన్న నమ్మకంతో, అప్పటి నుంచి ప్రతి అభిమానీ తన ట్రేడ్ ప్రతిపాదనలను సిద్ధంగా ఉంచుకుంటున్నాడు.

ఫిబ్రవరి నడిమి వారంలో పిచర్లు, క్యాచర్లు అందరికంటే ముందుగా ఆరిజోనా, ఫ్లోరిడా శిబిరాలకు చేరతారు. ప్రతి ఆటగాడూ తన జన్మలో ఎన్నడూ లేనంత దిట్టంగా ఉన్నాడని విలేఖరులు రాస్తారు, అభిమానులు నమ్ముతారు. మార్చి నెలాఖరున తొలి రోజు ఆటలు ముగిసేసరికి, ఆడిన జట్లలో సరిగ్గా సగం ఓడిపోయి ఉంటాయి. అయిదు నెలల పాండిత్యం అక్కడితో చెల్లు. ఉద్యోగరీత్యా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, డిసెంబరులో ఆఫీసు భోజనాల గదిలో ఈ చర్చ మధ్య చిక్కుకునే తెలుగువారికి ఒక మనవి: ఆట నియమాలు తెలియకపోయినా ఫరవాలేదు, ఒప్పందం బాగానే ఉంది గాని ఆ మోచేయి నిలుస్తుందంటారా అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటే చాలు, మిగిలిన గంటంతా వాళ్లే మాట్లాడతారు, విషయం తెలిసిన మనిషన్న పేరు మాత్రం అడిగినవారికి వస్తుంది. అయితే ఈ ప్రశ్నను మార్చి దాటాక వేయకూడదు. అప్పటికి జవాబు అందరికీ తెలిసిపోయి ఉంటుంది.